పెంపుడు కుక్కకు చివరి ఇంజెక్షన్ వేయించాక: ఆ దుఃఖాన్ని, తప్పు చేశామన్న బాధను ఎలా తట్టుకోవాలి

ముసలిదై దానంతట అది పోయిన కుక్క కోసం ఏడవడం ఒక రకం. కాగితం మీద సంతకం పెట్టి, పక్కన నిలబడి, తగ్గని బాధ నుంచి విడిపించడానికి డాక్టర్ చేత ప్రాణం పోయే సూది వేయించిన కుక్క కోసం ఏడవడం ఇంకో రకం. రెండోదాంట్లో ఏడుపు మధ్యలో "నేనే చంపించానా?" అనే మాట వచ్చి కూర్చుంటుంది. నల్లగొండలోనో పాలమూరులోనో ఉన్నవాళ్లకు ఈ మాట చెప్పుకోవడానికి మనిషి దొరకడం కూడా కష్టమే. ఇంట్లో చెబితే "పోనీ, దాని బాధ తీరింది" అని ఊరుకుంటారు. చుట్టాలకు చెబితే "కుక్కకు గింత ఏడుపేందిరా" అంటారు.

నేను కుక్క అనే రాస్తున్నాను. పిల్లి విషయంలోనూ దాదాపు ఇంతే. కింద చెప్పినవాటిలో మొదటిది మాత్రం ఆలస్యం చేయకూడదు. మిగతావి మీకు వీలైనప్పుడు, వీలైన వరుసలో చేసుకోవచ్చు.

ముందు పూడ్చడం సంగతి చూడండి

ఇంజెక్షన్‌తో పోయిన జంతువు శరీరంలో ఆ మత్తుమందు చాలాకాలం మిగిలే ఉంటుంది. ఊరి బయటో చెరువు కట్ట కిందో పడేస్తే, దాన్ని తిన్న వీధికుక్కలు, నక్కలు, గద్దలు కూడా చనిపోవచ్చు. అందుకే లోతుగా పూడ్చాలి. నాలుగు అడుగులకు తగ్గకుండా గుంత తీయించండి. బావికి, బోరుకు, వాగుకు దూరంగా ఉండాలి. నల్లగొండ, దేవరకొండ వైపు చెలకల్లో రెండడుగులకే బండ తగులుతుంది. అలాంటప్పుడు అక్కడే సర్దుకోకుండా ఇంకోచోటు చూడండి. మట్టి కప్పాక పైన పెద్ద రాళ్లు పేర్చి, ముళ్లకంప వేస్తే వేరే కుక్కలు తవ్వవు. ఇది చిన్న విషయం కాదు. వారం తర్వాత వెళ్లి చూసి, గుంత తవ్వేసి ఉంటే ఆ దృశ్యం మనసులోంచి పోదు.

సొంత జాగా లేకపోతే ఊళ్లో చెలక ఉన్న చుట్టాన్ని మొహమాటం లేకుండా అడగండి. హైదరాబాద్ దాకా తీసుకెళ్లగలిగితే నాగోల్ దగ్గర ఫతుల్లాగూడలో జంతువుల దహనవాటిక ఉంది. బయలుదేరే ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

రేబిస్ అనుమానంతో ఇంజెక్షన్ వేయించి ఉంటే ముందు మీ సంగతి చూసుకోండి. కరిచినా, గీరినా, దాని చొంగ మీ పుండు మీద పడినా, అదే రోజు సర్కారు దవాఖానకు వెళ్లి టీకా మొదలుపెట్టండి. కుక్క పోయింది కదా, ఇంకేం భయం అనుకోవద్దు. ఆ సంగతి చూసుకున్నాకే ఏడవండి.

ఆ గదిలో మీరు చూసినదానికి అర్థం తెలుసుకోండి

చాలామందికి నిద్ర పట్టనివ్వనిది వేయించాలన్న నిర్ణయం కాదు, ఆ చివరి నిమిషాల్లో చూసినవి. కళ్లు మూసుకోలేదు. పోయిందని డాక్టర్ చెప్పాక కూడా ఒకసారి గట్టిగా శ్వాస తీసినట్టు అనిపించింది. కాలు కదిలింది. మూత్రం పోయింది. వీటన్నింటినీ కలిపి "దానికి తెలిసింది, నొప్పి పడింది" అని మనసు చెప్పుకుంటుంది. అందుకే అసలు జరిగేదేమిటో తెలిసి ఉండాలి.

మామూలుగా ముందు మత్తు ఇస్తారు. తర్వాత నరంలోకి మత్తుమందే చాలా ఎక్కువ మోతాదులో పంపుతారు. మందు మెదడుకు చేరిన కొన్ని క్షణాల్లో స్పృహ పోతుంది. ఆ తర్వాతే శ్వాస ఆగుతుంది, దాని తర్వాత గుండె. అంటే శ్వాస ఆగుతున్న సంగతి కుక్కకు తెలియదు. రెప్ప మూయడం కండరం చేసే పని. కండరం సడలిపోయాక కళ్లు తెరిచే ఉంటాయి. చివర్లో వచ్చే ఆ పెద్ద శ్వాస, కాళ్ల కదలిక వెన్నుపాము, మెదడు అడుగుభాగం దానంతట అవి చేయించేవి. మూత్రం పోవడమూ కండరాలు వదులైనందుకే.

ఇంకో రెండు సంగతులు ఎవరూ ముందుగా చెప్పరు. మొదటి మత్తు ఎక్కేటప్పుడు కొన్ని కుక్కలు కాసేపు కలవరపడతాయి, అరుస్తాయి, కాళ్లు కొట్టుకుంటాయి. మనుషులకు ఆపరేషన్‌కు మత్తిచ్చేటప్పుడు కూడా ఇలాంటి దశ ఉంటుంది. రెండోది, నరం దొరక్క రెండు మూడుసార్లు గుచ్చడం. రోజుల తరబడి తినక, తాగక ఉన్న కుక్కకు రక్తపోటు పడిపోయి నరాలు కుంగిపోతాయి. మందు కూడా నెమ్మదిగా పాకుతుంది. అందువల్ల ఎక్కువసేపు పట్టి ఉంటే, అది డాక్టర్ చేతకానితనమో మీ పాపమో అనుకోవద్దు. ఒంట్లో సత్తువ ఎంత తగ్గిపోయిందో దాన్నిబట్టే తెలుస్తుంది.

మీరు ఆ గదిలో లేకపోయి ఉంటే? చూడలేక బయట నిలబడ్డవాళ్లు చాలామంది ఉంటారు. మొదటి మత్తు ఎక్కాక కుక్కకు పక్కన ఎవరున్నదీ తెలియదు. అంతకు ముందు దవాఖానకు తీసుకెళ్తున్న దారంతా, టేబుల్ ఎక్కించేదాకా దానికి మీ చెయ్యి తెలుసు.

డాక్టర్ దగ్గరికి ఇంకొకసారి వెళ్లండి

కొట్లాడటానికి కాదు, అడగడానికి. ఓపీ రద్దీ తగ్గిన వేళ చూసుకుని వెళ్లండి, లేదా ఫోన్ చేసి టైమ్ అడగండి. మూడు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్తే అక్కడ గొంతు పట్టుకుపోయినా పని జరుగుతుంది. జబ్బు ఏ దశలో ఉంది? ఇంజెక్షన్ వేయించకపోతే వచ్చే పదిహేను రోజులు ఎలా గడిచేవి? ముందే తెచ్చి ఉంటే ఏం మారేది?

మూడో ప్రశ్న అడగడానికే అందరికీ భయం. అడగండి, ఎందుకంటే జవాబు చాలాసార్లు మనం ఊహించుకున్నంత కఠినంగా ఉండదు. కుక్కల్లో కిడ్నీ జబ్బు తీసుకోండి. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరిగినట్టు కనిపించేసరికే కిడ్నీ పనిలో ముప్పావు వంతు పోయి ఉంటుంది. అప్పటిదాకా కుక్క తింటుంది, తోక ఊపుతుంది, గేటు దాకా పరుగెత్తి వస్తుంది. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్ అయితే, ఒకసారి కుట్టాక నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్లు ఒంట్లో దాగి ఉండి, ఎముకల మూలుగ దెబ్బతిన్నాక బయటపడుతుంది. మన ఎండలకు గోమార్లు లేని కుక్క ఎక్కడుంది? పైగా జంతువులు నొప్పిని దాచుకుంటాయి. "నాకెందుకు తెలియలేదు" అన్న ప్రశ్నకు సగం జవాబు ఇక్కడే దొరుకుతుంది.

కాగితం మీద పెట్టండి

నా ఉద్దేశంలో అన్నింటికంటే పనికొచ్చేది ఇదే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఒక నోట్‌బుక్ తీసుకుని చివరి నెల రోజుల సంగతి తేదీల వారీగా రాయండి. ఎప్పుడు తినడం తగ్గింది, ఎప్పుడు మొదటిసారి దవాఖానకు తీసుకెళ్లారు, డాక్టర్ ఆ రోజు ఏమన్నారు, ఏ మందులు వాడారు. ఫోన్‌లోని ఫొటోలు, మందుల చీటీలు చూస్తే తేదీలు దొరుకుతాయి. ప్రతి తేదీ పక్కన "ఆ రోజు నాకు తెలిసింది ఇది" అని ఒక వాక్యం. ఇప్పుడు తెలిసింది అక్కడ రాయొద్దు. రాస్తుంటే మీకే కనిపిస్తుంది: మనం తిట్టుకునేది ఇవాళ్టి తెలివితో, తిట్టేది ఆనాటి మనిషిని. ఇవాళ ఉన్న రిపోర్టు ఆ మనిషి చేతిలో లేదు.

తర్వాత చివరి వారానికి మార్కులు వేయండి. అలిస్ విల్లాలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం ఇచ్చారు. ఏడు విషయాలు, ఒక్కోదానికి పదికి మార్కులు. నొప్పి అదుపులో ఉందా, శ్వాస సరిగా ఆడుతోందా అన్నది ఒకటి. తిండి. నీళ్లు తాగుతోందా, ఒంట్లో తడి ఉందా. శుభ్రంగా ఉండగలుగుతోందా, లేక మలమూత్రాల్లోనే పడుకుంటోందా. మిమ్మల్ని చూస్తే సంతోషం కనబడుతోందా. లేచి నడవగలుగుతోందా. చివరిది, చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువున్నాయా. మొత్తం 35 దాటితే ఇంకా సాకవచ్చని ఆమె లెక్క. ఇది నిర్ణయం తీసుకోవడానికి తయారుచేసిన కొలమానమే. కానీ నిర్ణయం అయిపోయాక కూడా పనికొస్తుంది, ఎందుకంటే బాధలో ఉన్న మనసుకు ఆ మంచి రోజులే గుర్తుంటాయి. చివరి వారంలో అది ఒక్క బిస్కెట్ ముక్క తిన్న సాయంత్రం గుర్తుంటుంది గానీ, తినకుండా పడుకున్న మిగతా పూటలు గుర్తుండవు.

ఇక అసలు లెక్క. పేజీకి నిలువుగా గీత కొట్టండి. ఒక పక్క "తొందరపడ్డాను" అనిపించిన ఆలోచనలు రాయండి, రెండో పక్క "ఆలస్యం చేశాను, అంతదాకా బాధపెట్టాను" అనిపించినవి. చాలామందికి రెండు పక్కలూ నిండుతాయి. ఒకే రాత్రి ఒకే మనిషి పన్నెండింటికి తొందరపడ్డానని, మూడింటికి ఆలస్యం చేశానని ఏడుస్తాడు. రెండూ ఒకేసారి నిజం కాలేవు కదా. నిజమైన తప్పయితే ఒక చోటే నిలబడాలి. ఇలా రెండు వైపులా ఊగుతోందంటే అది తప్పు కాదు, దుఃఖం. పోయిన ప్రాణాన్ని మనసు వెనక్కి తెచ్చుకోలేక, కనీసం నేను ఇంకోలా చేసి ఉంటే వచ్చేదేమో అని వెతుక్కుంటోంది.

డబ్బు గురించి ఎవరూ మాట్లాడరు, మనం మాట్లాడుకుందాం

"హైదరాబాద్ తీసుకెళ్లి ఉంటే బతికేదేమో." మన జిల్లాల్లో ఈ మాట అనుకోని వాళ్లు తక్కువ. స్కానింగ్, రోజూ ఫ్లూయిడ్స్, ఐసీయూ లాంటివి కావాలంటే నల్లగొండ నుంచైనా మహబూబ్‌నగర్ నుంచైనా దాదాపు వంద కిలోమీటర్లు కారు మాట్లాడుకుని పోవాలి. అక్కడ అడ్వాన్సు కట్టాలి, ఉండాలి, పని మానుకోవాలి. పిల్లల ఫీజులు, ఇంట్లో అమ్మానాన్నల మందులు పక్కన పెట్టి ఆ డబ్బు తేలేకపోయినందుకు సిగ్గుపడటం మీ పని కాదు. ఉన్న డబ్బును ఇంట్లో ఉన్న ప్రాణాలన్నింటికీ పంచాల్సిన మనిషి మీరు.

ఇందులో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయి ఉంటాయి. డబ్బు ఉంటే నయమయ్యేదా? డబ్బు ఉంటే ఇంకొన్ని రోజులు లాగేదా? డాక్టర్‌ను ఈ రెండూ విడివిడిగా అడగండి. చివరి దశ కిడ్నీ జబ్బుకో, ఒళ్లంతా పాకిన కేన్సర్‌కో డబ్బుతో కొనగలిగేది రోజులనే. ఆ రోజులు కూడా సెలైన్ గొట్టంతో, తెలియని బోనులో గడిచేవి.

ఒకవేళ జవాబు "అవును, నయమయ్యేది" అనే వస్తే? అదీ జరుగుతుంది, ముఖ్యంగా యాక్సిడెంట్ కేసుల్లో. అప్పుడు అది బాధే, దానికి మందు లేదు. కానీ లేని డబ్బు ఖర్చు పెట్టకపోవడం మోసం కాదు.

నిజంగానే తప్పు జరిగి ఉంటే

గేటు గడియ పెట్టకపోతే హైవే మీదికి పోయి ఉండొచ్చు. కుక్కపిల్లల ప్రాణం తీసే పార్వో అనే వైరస్ జబ్బుకు టీకా వచ్చే నెల చూద్దాంలే అని ఉండొచ్చు. పిల్లికి జ్వరమని మన ఇంట్లోని పారాసిటమాల్ ఇచ్చి ఉండొచ్చు. పిల్లులకు అది విషం. ఇలాంటిదేదైనా ఉంటే "నీ తప్పేం లేదు" అని ఎవరు చెప్పినా మనసు నమ్మదు, నమ్మకపోవడం సబబే. పైన కాగితం మీద ఊగిసలాడేది వేరు, ఇది వేరు.

దీనికి చేయాల్సింది ఒకటే. జరిగిందాన్ని జరిగినట్టు, తగ్గించకుండా, పెంచకుండా, మీరు నమ్మే ఒక మనిషికి నోటితో చెప్పండి. "నేను గడియ పెట్టలేదు, అది బయటికి పోయింది." అంతే, "నేను హంతకుణ్ణి" అనే మాట కలపొద్దు. తర్వాత ఆ తప్పుకు సరిగ్గా సరిపోయే పని ఒకటి చేయండి. టీకా మరిచినవాళ్లు వాడకట్టులోని రెండు వీధికుక్క పిల్లలకు టీకా వేయించవచ్చు. యాక్సిడెంట్‌లో పోగొట్టుకున్నవాళ్లు 1962 నంబర్ ఫోన్‌లో సేవ్ చేసుకుని వాడకట్టు వాళ్లకు కూడా చెప్పవచ్చు. ఇంటి దగ్గరికే వచ్చే పశువైద్య అంబులెన్స్ నంబర్ అది. ఇలాంటి పని ఒకసారి చేస్తే చాలు, జీవితాంతం ప్రాయశ్చిత్తం అక్కర్లేదు.

ఇంకో మాట. దీర్ఘకాలం సేవ చేసినవాళ్లకు ఇంజెక్షన్ తర్వాత ఒక రకమైన తెరిపి కలుగుతుంది. రాత్రి లేచి ఎత్తి తిప్పాల్సిన పని లేదు, తడిసిన గుడ్డలు ఉతకాల్సిన పని లేదు. ఆ తెరిపి కలిగినందుకు మళ్లీ తిట్టుకుంటారు. అలసిపోయిన ఒళ్లు విశ్రాంతి కోరుకోవడం తప్పు కాదు. అది ప్రేమ లేకపోవడమూ కాదు.

జనం మాటలకు జవాబు

సమాజం లెక్కలోకి తీసుకోని దుఃఖం ఎందుకు ఎక్కువ కుంగదీస్తుందో కెన్నెత్ డోకా అనే అమెరికా పరిశోధకుడు 1980లలోనే వివరించాడు. మనకు అంత దూరం అక్కర్లేదు. మనిషి పోతే మన దగ్గర మూడో రోజు పిట్టకు పెడతారు, తర్వాత దినాలు చేస్తారు. చుట్టాలు వచ్చి కూర్చుంటారు, ఎవరో ఒకరు అన్నం వండి తెస్తారు. ఏడవడానికి ఒక తేదీ, ఏడుపు ఆపడానికి ఇంకో తేదీ ఉంటాయి. కుక్క పోతే ఇవేవీ లేవు. మర్నాడు డ్యూటీకి పోవాలి. అందుకే మీరే ఒక తేదీ పెట్టుకోండి. మూడో రోజో, పదకొండో రోజో దానికి ఇష్టమైనది వండి, పూడ్చినచోట కాసేపు కూర్చుని, మిగిలింది వీధికుక్కలకు పెట్టండి. పెత్తరమాస నాడు దాని పేరున కొంచెం అన్నం పక్కకు తీసి పెట్టాలనిపిస్తే పెట్టండి. ఎవరి అనుమతీ అవసరం లేదు. మీ ఇంటి ఆచారం వేరయితే మీ పద్ధతిలోనే చేయండి.

"పాపం తగులుతది" అనేవాళ్లు ఉంటారు. కొందరైతే ధర్మరాజు కుక్కను వదిలి స్వర్గానికి కూడా పోనన్నాడని గుర్తుచేస్తారు, మిమ్మల్ని పొడవడానికే. ఆ కథలో ధర్మరాజు చేసింది దాన్ని ఒంటరిగా వదలకపోవడం. మీరూ వదల్లేదు. చట్టం సంగతి అడిగితే, జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టం 1960లోని 13వ సెక్షన్‌లోనే, ఒక జంతువును బతికించి ఉంచడమే క్రూరత్వమయ్యే స్థితి ఉంటుందని ఒప్పుకున్నారు. ఇవన్నీ వాదనకు దిగినప్పుడు చెప్పండని కాదు. వాదన అక్కర్లేదు. "డాక్టర్ చెప్పిండు, మేం ఆలోచించి చేసినం" అని మాట తిప్పేయండి. వివరాలు చెప్పడం మొదలుపెడితే ఎదుటివాళ్లు తీర్పు చెప్పడం మొదలుపెడతారు.

ఇంట్లో పిల్లలు, ఇంకో కుక్క

పిల్లలకు "నిద్రపోయింది", "ఊరికి పంపినం" అని చెప్పొద్దు. చిన్నపిల్లలు రాత్రి పడుకోవడానికి భయపడతారు, లేదా నెలల తరబడి గేటు వైపు చూస్తారు. "దానికి తగ్గని జబ్బు వచ్చింది, డాక్టర్ నొప్పి తెలియకుండా మందు ఇచ్చాడు, చనిపోయింది, ఇక రాదు" అని సూటిగా చెప్పండి. జ్వరం వస్తే తమకూ సూది వేస్తారేమోనని కొందరు పిల్లలు లోపల భయపడతారు. అది అడక్కముందే చెప్పేయడం మంచిది.

రెండో కుక్క ఉంటే అది వెతుకుతుంది, తలుపు దగ్గర పడుకుంటుంది, తిండి తగ్గిస్తుంది. తిండి, తిప్పడం పాత వేళలకే ఉంచండి. రెండు రోజులు పూర్తిగా తినకపోతే డాక్టర్‌కు చూపించండి. పిల్లి అయితే ఒక్క రోజు కంటే ఎక్కువ ఆగొద్దు. తినకపోతే దాని కాలేయం త్వరగా దెబ్బతింటుంది.

రోజులో గుచ్చుకునే వేళలు

పొద్దున తిప్పే వేళ, బైకు చప్పుడుకు పరుగెత్తి వచ్చే వేళ, అన్నం తినేటప్పుడు కాళ్ల దగ్గర కూర్చునే వేళ. ఈ మూడూ ముందే తెలుసు కాబట్టి ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. నడక మానొద్దు, దారి మార్చండి. రోజూ నల్లగొండ ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోయేవాళ్లయితే కొన్నాళ్లు ఇంకో వైపు, వీలైతే తోడుతో పోండి. "మీ కుక్కేది?" అని ఆ గ్రౌండ్‌లో ప్రతివాళ్లూ అడుగుతారు, అదే పెద్ద చిక్కు.

గొలుసు, గిన్నె, పరుపు ఒకే రోజు తీసేయొద్దు, ఏళ్ల తరబడి అలాగే ఉంచొద్దు. మిగిలిన మందులు, సీల్ తీయనివి దవాఖానలో ఇచ్చేయండి, ఎవరికో పనికొస్తాయి.

రెండు మూడు వారాలు దాటినా నిద్ర, తిండి, డ్యూటీ గాడిలో పడకపోతే, మద్యం తాగి మరిచిపోదామని రోజూ అనిపిస్తుంటే, సాయం తీసుకోండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే వారాలు లెక్కపెట్టొద్దు, అప్పుడే ఫోన్ చేయండి. టెలీ మానస్ అనే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416. 24 గంటలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. "కుక్క పోయింది" అని చెప్పడానికి సిగ్గుపడొద్దు. సర్కారు మెడికల్ కాలేజీ దవాఖానల్లో మానసిక వైద్యుల ఓపీ కూడా ఉంటుంది.

ఇంకో కుక్కను తెచ్చుకోవాలంటే

ఇంట్లో పిల్లల ఏడుపు ఆపడానికని వారం తిరక్కుండానే తెచ్చేవాళ్లున్నారు. నాకది నచ్చదు, పాపం ఆ కొత్త పిల్ల పాత కుక్కలా లేదని రోజూ మాటలు పడుతుంది. ఇంట్లో అందరూ సరే అనేదాకా ఆగండి.

పాతది పార్వోతో పోయి ఉంటే ఆగడానికి ఇంకో కారణం ఉంది. ఆ వైరస్ మట్టిలో నెలల తరబడి, ఒక్కోసారి ఏడాది దాకా బతుకుతుంది. గచ్చును ద్రవ బ్లీచ్ ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్లు కలిపి కడగొచ్చు గానీ పెరటి మట్టిని కడగలేం. అలాంటి ఇంటికి టీకాలన్నీ పూర్తయిన కుక్కనే తేవాలి. మామూలుగా మొదటి టీకా ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో, ఆ తర్వాత మూడు నాలుగు వారాలకోసారి, పదహారు వారాల వయసు దాకా వేయిస్తారు. రేబిస్ టీకా మూడు నెలల వయసులో. పిల్లను ఇచ్చేవాళ్లు "అన్నీ వేయించినం" అంటే కార్డు అడిగి, తేదీలు, డాక్టర్ సంతకం చూసి తెచ్చుకోండి.